మాకు ఇల్లు చూపిన ఏజెంటు ఎవరి మనిషో తేల్చవలెనని మనవి

స్థిరాస్తి మధ్యవర్తుల లైసెన్సుల అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: పెద్దవాళ్ళ కాలనీలో మాకు ఇల్లు కుదిర్చిన ఏజెంటు కొన్నవారి మనిషా, అమ్మినవారి మనిషా అన్నది తేల్చుట గురించి, మరియు ఒక నీలం గౌను గురించి.

సూచిక: నా మొదటి అర్జీకి తమ కార్యాలయం పంపిన "పరిశీలనలో ఉన్నది" అను జవాబు.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా: నేను డెబ్బై దాటిన దానను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక ప్రభుత్వ కార్యాలయపు అర్జీల విభాగంలోనే చేసితిని. కావున "పరిశీలనలో ఉన్నది" అంటే ఏ అలమారాలో, ఏ అరలో, ఎవరి టీ గ్లాసు కింద ఉన్నదో నాకు తెలియును. ఆ మాట రాసిన గుమాస్తా మీద నాకు కోపం లేదు. నా మొదటి అర్జీ పద్ధతిగా రాశాను, అది పద్ధతిగానే పక్కకు పోయింది. ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అర్జీని మొదటి పేజీ దాటి చదివే అధికారిని నేను చూడలేదు గనుక నాకు కావలసింది ముందే చెప్పేస్తాను. నా భర్తకు నేనెవరో తెలియాలి. ఈ కింద ఉన్నదంతా దానికి వివరణ మాత్రమే.

1. నా భర్త దర్జీ. మా పాత ఇంటి ముందుగదే ఆయన కొట్టు. నేను ఆఫీసుకు బయలుదేరేటప్పుడు మిషను మీద ఉండేవాడు, తిరిగొచ్చేటప్పుడూ మిషను మీదే ఉండేవాడు. మధ్యలో లేచాడో లేదో దేవుడికే ఎరుక. మాట తక్కువ మనిషి. ఎవరినైనా మెచ్చుకోవాలంటే "భుజం బాగా కూచుంది" అంటాడు. అంతకు మించిన పొగడ్త ఆయన నోట రాదు. నన్ను కూడా మొదటిసారి అలాగే పొగిడాడు. ఆ మాట నన్ను అన్నాడో నేను తొడుక్కున్న బట్టను అన్నాడో ఇప్పటికీ తేలలేదు.

ఒకరోజు ఆయన ఒక చొక్కాకు రెండు చేతులూ ఒకే పక్కన కుట్టాడు. కుట్టు మాత్రం తీరుగా ఉంది. ఒక్క పోగు అటూ ఇటూ లేదు. దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు.

"ఇది ఎవరి కొలతే?" అన్నాడు.

"ఎవరో తొందరలో ఉన్నవాడిది" అన్నాను.

నవ్వాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చాను. ఆ చొక్కా మడిచి బీరువా అడుగున పెట్టాను. మా మనవరాలికి కూడా చెప్పలేదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది మతిమరుపు జబ్బేనని, వెనక్కి తగ్గేది కాదని, నెమ్మదిగా ముదిరేదని చెప్పాడు. మా పాత ఇంటికి మెట్లు ఎక్కువ, ఇరుగుపొరుగు తక్కువ. అందుకని, ఒంట్లో ఓపిక ఉండగానే, వయసు మళ్ళినవాళ్ళ కోసం కట్టిన కాలనీలో ఒక ఇల్లు చూసుకుందామని నిర్ణయించుకున్నాము.

2. మనవరాలికి తెలిసినవారెవరో చెప్పగా ఒక ఏజెంటు వచ్చాడు. పేరు రాయను. తమ దగ్గర లైసెన్సు కాగితాల్లో ఉంటుంది. మా ఇంట్లో మాత్రం అతనికి "అలాగేనండి" అని పేరు పడిపోయింది. మెట్లు ఉండకూడదు నాయనా అంటే, అలాగేనండి అమ్మమ్మగారూ. మిషను పెట్టుకునే చోట పొద్దుటి వెలుతురు పడాలి అంటే, అలాగేనండి. నేను వెక్కిరింపుగా "పక్కింటివాళ్ళు గురక పెట్టకూడదు" అన్నా, అలాగేనండి. మర్యాదస్తుడు. నీళ్ళు తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించాడు. ఈ వయసులో మనం మనుషులను అంచనా వేసేది ఇలాంటివాటితోనే. అదే మన ఖర్మ.

అతను మాకు కావలసినవన్నీ ఒక్కొక్కటే అడుగుతుంటే మా ఆయన మిషను ఆపాడు.

"కొలతలు తీసుకుంటున్నావా బాబూ?"

"అవును తాతగారూ. మీకు ఎక్కడా పట్టెయ్యకుండా, వదులు కాకుండా, సరిగ్గా సరిపోయే ఇల్లు వెతకాలి కదండీ."

మా ఆయన మెడలో ఉన్న టేపు తీసి అతని మెడలో వేశాడు. ఆ మాట ఆయనకు అంత నచ్చింది.

ఇక్కడ తమకు ఒక వివరణ అవసరం. బట్టల కొట్లవాళ్ళు మా ఆయన దగ్గరకు గిరాకీలను పంపుతూ ఉండేవారు. "గుడ్డ ఇంకో మూర పడుతుందని చెప్పవయ్యా, నీ వాటా నీకు ముడుతుంది" అనేవారు. "టేపు ఎవరి ఒంటి మీద పెట్టానో నేను వాళ్ళ మనిషిని. గుడ్డ అమ్మినవాడి మనిషిని కాదు" అని ఆయన వాళ్ళను గుమ్మంలోంచే తిప్పి పంపేవాడు. కొలత తీసుకున్నవాడు మనవాడు. ఇది ఆయన వృత్తి ధర్మం. లోకంలో కొలిచేవాళ్ళంతా అదే ధర్మం మీద నడుస్తారని ఆయన నమ్మాడు. ఆయన నమ్మాడు కదా అని నేనూ నమ్మాను. బారెడు చదువుకున్నదానను, నాకు బుద్ధి ఉండవలసింది.

ఆయన మళ్ళీ మిషను తొక్కుతూ ఉండగా ఏజెంటును వంటింట్లోకి పిలిచి, బీరువా అడుగునుంచి ఆ చొక్కా తీసి చూపించాను. "ఇదీ సంగతి నాయనా. మా మనవరాలికే చెప్పలేదు, నీకు చెబుతున్నాను. రేపు జబ్బు ముదిరినా సరే, మేమిద్దరం ఒక్క కప్పు కింద ఉండాలి. అలాంటి చోటయితేనే చూపించు. లేకపోతే మా మెట్లు మేం ఎక్కుతాం, మా తిప్పలు మేం పడతాం" అన్నాను.

అతను ఆ చొక్కాను చేతిలోకి తీసుకున్నాడు. అతని కళ్ళు తడిశాయి. "అలాగేనండి అమ్మమ్మగారూ. అక్కడ ఇళ్ళూ, బాగాలేనివాళ్ళను చూసుకునే విభాగమూ అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి" అన్నాడు. అతని కంటి తడి అబద్ధం కాదు. అబద్ధమైతే ఈ అర్జీ రాయడం నాకు ఇంత కష్టం అయ్యేది కాదు.

ఒక్క కప్పు కింద అని నేనన్నాను. ఒకే ఆవరణలో అని అతనన్నాడు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో ఆనాడు నాకు కనిపించలేదు. ఇప్పుడు రోజూ నడుస్తున్నాను.

3. కాలనీ ఆఫీసులో ఒక పొడవాటి బల్ల ఉన్నది. బల్లకు అటువైపు మేనేజరమ్మ. ఇటువైపు మేమిద్దరం. మా పక్క కుర్చీలో, మా వైపున, ఏజెంటు కూర్చున్నాడు. తమరు ఈ వాక్యం కింద గీత గీసుకోగలరు. మా వైపున కూర్చున్నాడు. మాకు మంచినీళ్ళు అందించాడు, మా ఆయన కళ్ళజోడు కింద పడితే తీసి ఇచ్చాడు. మా దగ్గర చిల్లిగవ్వ తీసుకోలేదు. "నాకేం వద్దండి" అంటే ఎంత మంచివాడో అని పొంగిపోయాము. మన దగ్గర ఏమీ పుచ్చుకోనివాడి ఇంట్లో పొయ్యి ఎవరి కట్టెలతో వెలుగుతోందని అడగాలన్న ఇంగితం నాకు కలగలేదు.

ఇల్లు చూపించారు. నేను తోట చూసి మురిసిపోయాను. మా ఆయన నేరుగా కిటికీ దగ్గరకు వెళ్ళి కర్టెను తిరగేసి లోపలి కుట్టు చూశాడు.

"పైకి బాగానే ఉందే. లోపల పోగులన్నీ వదిలేశారు" అని నా చెవిలో అన్నాడు.

మతి తప్పుతున్న మనిషి చూసింది అది. మతి నిలకడగా ఉన్న నేను చూసింది తోట.

ఒప్పందంలో ఒక షరతు నా కంటపడింది. కాలనీ డాక్టరు సిఫారసు చేస్తే నా భర్తను, బాగాలేనివాళ్ళను ఉంచే లోపలి బ్లాకుకు మార్చవచ్చుననీ, దానికి మరొకరి సమ్మతి అవసరం లేదనీ. నేను పక్క కుర్చీ వైపు తిరిగి "ఇదేమిటి నాయనా?" అని అడిగాను. "అందరికీ ఉండేదేనండి" అన్నాడు. సంతకం పెట్టాము.

అందరికీ లేదు. పక్కింటివాళ్ళ కాగితాల్లో లేదు, ఎదురింటివాళ్ళ కాగితాల్లోనూ లేదు. తరువాత అడిగి చూశాను.

4. ఆ ఇంట్లో మేము కొంతకాలం సుఖంగానే ఉన్నాము. ఇది ఫిర్యాదు కాదని సంఖ్య వేశాక గమనించాను. కొట్టివేతలున్న అర్జీ చెల్లదని నేనే ఎంతోమందికి చెప్పినదాన్ని కనుక అలాగే ఉంచుతున్నాను.

ఆయనకు మొదట నా పేరు పోయింది. తరువాత నా ముఖం పోయింది. పొద్దున్నే లేచి, పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, "ఎవరండీ మీరు? ఎవరి కోసం వచ్చారు?" అనేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను "అండీ" అన్నది అప్పుడే. నేను వాదించేదాన్ని కాదు. చెయ్యి చాపేదాన్ని. నా బట్టలన్నీ ఆయన కుట్టినవే. ప్రతి చేతి అంచునా, దారం తెంపేముందు, ఒక కుట్టు వెనక్కి వేసి చిన్న ముడి బిగిస్తాడు. కంటికి కనిపించదు, వేలికి ఆవగింజలా తగులుతుంది. ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ అంచు పట్టుకుని నెమ్మదిగా జరుపుకుంటూ పోయేవాడు. ఆవగింజ తగలగానే ముఖం విప్పారేది.

"ఓ, నువ్వటే" అనేవాడు.

అంతే. ఆ రోజుకు నేను ఆయన భార్యను. మర్నాడు మళ్ళీ మొదటినుంచి. అయ్యా, అంతకంటే ఎక్కువ నేను అడగలేదు. చాలామంది భర్తలు మతి ఉండి కూడా రోజుకొకసారి ఆ మాట అనరు.

5. పక్కింటాయన ఒకరోజు కోటు వేసుకుని వాకిట్లో నిలబడి ఉండగా మా ఆయన వెనకనుంచి వెళ్ళి టేపు పెట్టి భుజాలు కొలిచాడు. పక్కింటాయన కెవ్వుమన్నాడు. నేను పరుగెత్తుకెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన మంచివాడే, "ఇంతకీ ఎంత వచ్చిందమ్మా?" అని నవ్వాడు. కాని చూసినవాళ్ళు ఆఫీసులో చెప్పారు. మేనేజరమ్మ నన్ను పిలిపించింది.

"ఇకమీదట లోపలి బ్లాకులో ఉంచడమే మంచిదండీ" అన్నది.

"ఒక్క పొరపాటుకేనా? ఎవరినీ గిల్లలేదు, గుచ్చలేదు. కొలిచాడు."

"కొత్తగా వచ్చింది కాదు కదండీ ఇది. ఇక్కడికి రాకముందే చొక్కాకు రెండు చేతులూ ఒకే పక్కన కుట్టారట కదా. మీరు కొనేనాటికే మాకు తెలుసు. అందుకే కదా ఆ షరతు పెట్టింది."

ఆ చొక్కా సంగతి ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. ఒకరికి గుర్తులేదు. ఒకరిని నేను. మావాడు అనుకుని వంటింట్లో చెప్పిన మాట, బల్లకు అటువైపు షరతుగా కూర్చుని మా కోసం ఎదురుచూసింది.

"అయితే నన్ను కూడా లోపలికి మార్చండి" అన్నాను.

"అది జబ్బున్నవాళ్ళకేనండి. మీకు జబ్బు లేదు కదా."

"తెప్పించుకుంటాను."

మేనేజరమ్మ నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

ఆయనను తీసుకువెళ్ళే రోజున చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. నడవగల మనిషి. "ఎక్కడికే?" అన్నాడు. "కొలతలకి" అన్నాను. అంతే, టేపు ఉందో లేదోనని మెడ తడుముకున్నాడు.

6. మనవరాలు వచ్చి కాగితాలన్నీ చదివింది. చదివి నా పక్కన కూర్చుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"అమ్మమ్మా, నీకు ఏజెంటు లేడే. వాళ్ళకున్నాడు."

"మా పక్కన కూర్చున్నాడే."

"కుర్చీ ఎక్కడైనా వేసుకోవచ్చు అమ్మమ్మా. అతనికి డబ్బు ఇచ్చుకునేది వాళ్ళు. ఇక్కడ చాలామంది ఇల్లు కొన్నది ఇలాగేనట. అందరూ మా ఏజెంటు, మా ఏజెంటు అనే అంటారు."

నేను ఏజెంటును పిలిపించాను. వచ్చాడు. రాకుండా తప్పించుకోవచ్చు, తప్పించుకోలేదు. ఎదురుగా తలవంచుకుని కూర్చున్నాడు.

"నేను కాలనీ తరఫునండి అమ్మమ్మగారూ. అమ్మేవాళ్ళకు పనికొచ్చే సంగతి తెలిసి చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది. మీకు తెలుసనుకున్నాను."

"మరి మా తరఫున ఎవరు నాయనా?"

ఈసారి అలాగేనండి అనలేదు.

"మీకు ఎవరూ లేరండి" అన్నాడు.

అతను వెళ్ళాక మనవరాలు నా మీద విరుచుకుపడింది. "ఊళ్ళోవాళ్ళందరినీ కడిగేస్తావు, అతన్ని ఒక్క మాట తిట్టలేదేం?"

"తిట్టాలంటే మనవాడై ఉండాలి కదే" అన్నాను.

7. లోపలి బ్లాకుకు మా వీధి చివరి గోడలో ఒక తలుపు ఉన్నది. అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. ఆ అంకెలు నాకు చెప్పరు. చూడవచ్చినవాళ్ళకు మధ్యాహ్నం మాత్రమే ప్రవేశం. అక్కడివాళ్ళను తప్పుపట్టను. గది శుభ్రంగా ఉంది, ఆయన గోళ్ళు తీరుగా కత్తిరిస్తున్నారు, మందులు వేళకు ఇస్తున్నారు. కాని ఒక నియమం ఉన్నది. లోపలికి వెళ్ళేవారందరూ తమ బట్టల మీద, మణికట్టు దాకా వచ్చే నీలం గౌను కోటులాగా తొడుక్కోవాలి. అంటువ్యాధులు రాకుండానట. అవి ఏదో ఫ్యాక్టరీలో తయారైన గౌనులు.

మొదటిరోజు వెళ్ళి చెయ్యి చాపాను. ఆయన అంచు పట్టుకున్నాడు. జరుపుకుంటూ పోయాడు. ఈ చివరినుంచి ఆ చివరికి. మళ్ళీ వెనక్కి. ఆవగింజ లేదు. నా చెయ్యి జాగ్రత్తగా నా ఒళ్ళో పెట్టి, "మా ఆవిడ వస్తుంది, కాస్త ఆగండి" అన్నాడు.

నేను ఆగాను. నేను వస్తానేమోనని నేను కూడా తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇట్లు చాలాకాలము జరిగినది. గౌను చెయ్యి పైకి మడిచి లోపల నా బట్ట అంచు చూపించబోతే, అక్కడ కనిపెట్టుకుని ఉండే ఆయమ్మ వచ్చి దించేసింది. నియమం. మేనేజరమ్మకు మనవి చేసుకుంటే "ఒకరికి మినహాయింపు ఇస్తే అందరూ అడుగుతారండీ" అన్నది. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. దాని మీద ఆధారపడి మా పాత ఆఫీసు మొత్తం నడిచేది.

8. ఈ కింది సంగతిని తమరు చదివిన వెంటనే మరచిపోవలసినదిగా ప్రార్థన. ఇందులో ఒక ఉద్యోగినికి ఇబ్బంది రాగలదు.

ఒకనాడు నేను తొడుక్కున్న గౌను చేతి మడత ఊడిపోయి వేలాడుతోంది. ఆయన కళ్ళు దాని మీద పడ్డాయి. లేచి నిటారుగా కూర్చున్నాడు.

"ఎవడండీ ఇది కుట్టింది? దారం మీద జాలి లేదు, మనిషి మీద జాలి లేదు. ఇటు ఇవ్వండి. సూది ఏదీ?"

ఆ గొంతు కొట్లో కూర్చున్నప్పటి గొంతు. ఆయమ్మ నా వైపు చూసింది, తలుపు వైపు చూసింది, గుండీలు కుట్టడానికి తన సంచీలో పెట్టుకున్న సూదీ దారం తీసి ఇచ్చింది. కొంగ మెడలా వంగి, నా చేతి మీదే గౌను ఉండగా, ఆయన అంచు మడిచి కుట్టాడు. తన ఇంటి దారి తెలియదు, తిన్నదీ లేనిదీ తెలియదు. వేళ్ళకు అన్నీ తెలుసు. చివరకు వచ్చాక ఒక కుట్టు వెనక్కి వేసి, ముడి బిగించి, దారం కొరికాడు. అలవాటుగా పని ఎలా వచ్చిందోనని వేలితో తడిమి చూశాడు.

ఆవగింజ తగిలింది.

"ఓ" అన్నాడు. "నువ్వటే. ఎప్పుడొచ్చావు?"

ఆయమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

9. ఇప్పుడు అసలు బాధ మనవి చేయుచున్నాను. ఆ గౌనులన్నీ కలిపి ఉతికి, తలుపు పక్కన కొక్కేలకు తగిలిస్తారు. అన్నీ నీలమే. ప్రతి మధ్యాహ్నం నేను అందరికంటే ముందు వెళ్ళి, ఒక్కొక్క గౌను చేతి అంచు తడుముకుంటూ ఆ ఒక్కదాని కోసం వెతుకుతున్నాను. వెనక నిలబడ్డవాళ్ళు ఈ ముసలామెకు కూడా లోపల గది సిద్ధం చేయాలి అనుకుంటున్నట్టున్నారు. అనుకోనివ్వండి, నాకు కావలసిందీ అదే. అది దొరికిన రోజు నేను భార్యను. దొరకని రోజు ఎవరో పెద్దావిడను. మరో గౌను కుట్టిద్దామంటే ఆ సూది సంగతి, ఎవరిచ్చారన్నది తప్ప, మేనేజరమ్మ చెవిన పడింది. సూదులు నిషేధించారు.

10. కావున తమరిని కోరుకొనునది:

అ) ఇల్లు చూపించడానికి వచ్చిన ఏ ఏజెంటైనా, ముసలివాళ్ళ గుమ్మంలో అడుగుపెట్టిన వెంటనే, మంచినీళ్ళు పుచ్చుకోకముందే, తాను ఎవరి మనిషో నోటితో చెప్పవలెనని ఉత్తర్వులు జారీ చేయుట. చదువుకునే ఓపిక లేనివారి కోసం నోటితోనే అని రాయవలెను.

ఆ) అమ్మేవారి మనిషి ఎవరైనా కొనేవారి వైపు కుర్చీలో కూర్చోరాదని నిషేధించుట.

ఇ) నా భర్త గదిలో నాకు ఒక మంచం వేయించుట. మంచం నేనే తెచ్చుకోగలను.

ఈ) పైవి ఏవీ సాధ్యపడని పక్షమున, ఆ ఒక్క గౌనును నాకు కేటాయించుట. ఉతికి, ఆరేసి, భద్రంగా తెస్తాను. వేరెవరూ తొడుక్కోకుండా ఉంటే చాలు.

(అ) నుంచి (ఈ) దాకా వచ్చేసరికి నా కోరిక ఎంత చిన్నదైపోయిందో తమరు గమనించే ఉంటారు. అర్జీదారు ఎంతసేపు నిలబడితే అర్జీ అంత చిన్నదవుతుంది. కిటికీకి అటువైపు కూర్చుని నేను చూసినదే.

ఏజెంటు మీద శిక్ష కోరడం లేదు. అతను ఎవరి మనిషో తేల్చి నాకు ఒక్క ముక్క రాసి పంపితే చాలు. ఇన్ని మాటలు రాసినందుకు విసుక్కొనక, ఇది ఒక ముసలిదాని సణుగుడని పక్కన పెట్టక, చివరిదాకా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
(సంతకం)
దర్జీగారి భార్య,
చివరి వీధి, గోడ పక్క ఇల్లు

తా.క.: అయ్యా, ఇది మడిచి కవరులో పెట్టాను. అంటించబోతూ మళ్ళీ తీశాను. నిన్న మధ్యాహ్నం జరిగింది రాయకపోతే ఇందులో ఒక పక్కే ఉంటుంది.

నిన్న వెళ్ళేసరికి కొక్కేల మీద నా గౌను లేదు. అన్నీ తడిమాను. ఏదో ఒకటి తగిలించుకుని లోపలికి వెళ్ళాను. ఆయన గది బయట నా వయసు దంపతులు నిలబడి ఉన్నారు. కొత్తగా ఇల్లు కొనడానికి వచ్చారట. లోపల, మంచం పక్క స్టూలు మీద, మా ఏజెంటు. వాళ్ళకు బ్లాకు చూపించడానికి వచ్చి, అందరిలాగే చేతికందిన గౌను తొడుక్కున్నాడు. అతని చేతి అంచు మా ఆయన వేళ్ళ మధ్య ఉంది. ఆయన ముఖం ఎత్తడం లేదు. కుట్టునే చూస్తున్నాడు.

"పొద్దుట్నించీ ఎక్కడికి పోయావే?"

"ఇక్కడే ఉన్నానండి" అన్నాడు ఏజెంటు మెల్లగా.

"చేతులు చల్లగా ఉన్నాయేం? ఆఫీసులో మళ్ళీ ఏమన్నా అన్నారా?"

"లేదండి. ఎవరూ ఏమీ అనలేదండి."

అప్పుడు అతను నన్ను చూశాడు. లేవబోయాడు. వద్దని చెయ్యి చూపించాను. అతను లేస్తే ఆయన వేళ్ళు ఖాళీ అవుతాయి.

బయట నిలబడ్డావిడ నా దగ్గరకు జరిగి, "మా ఏజెంటండీ. ఎంత మంచి కుర్రాడో. తాగిన గ్లాసు కూడా తనే కడుగుతాడు" అంది.

"మంచివాడే అమ్మా. కాని నువ్వెవరి మనిషివని అడుగు. ఇంటికెళ్ళాక కాదు, ఇవాళే అడుగు" అన్నాను.

ఆవిడ బిత్తరపోయి భర్త చెయ్యి పట్టుకుంది. అలాగే పట్టుకుని ఉండమని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

ఏజెంటు తొందరపడలేదు. ముందు ఒక భుజం, తరువాత రెండో భుజం, గౌనులోంచి నెమ్మదిగా జారి బయటకు వచ్చాడు. అంచు ఆయన వేళ్ళలోంచి జారకుండా గౌను ఖాళీ చేతిని అలాగే ఎత్తిపట్టి ఉంచాడు. నేను నా గౌను విప్పేసి, స్టూలు మీద కూర్చుని, ఆ ఖాళీ చేతిలోకి నా చెయ్యి దూర్చాను. ఆయన వేళ్ళు విడవలేదు. ఆయనకు ఏమీ తెలియలేదు. ఏజెంటు గౌను నా భుజాల మీద సర్ది, వెనక్కి ఒక్క అడుగు వేసి, గుమ్మం దాటాడు.

మా ఆయన అప్పుడు తల ఎత్తి అతని వీపు వైపు చూశాడు.

"ఆ వెళ్ళేది ఎవరే? భుజం బాగా కూచుంది. మన మనిషేనా?"

అయ్యా, ఈ ప్రశ్నకు సమాధానం తమ కార్యాలయం నుంచి రావలసి ఉన్నది. అది వచ్చేలోగా, తాత్కాలిక ప్రాతిపదికన, అవునని చెప్పాను.